ఒరిజినల్ రబ్బరు

ఇనుము మంచిది. పోయేముందు చప్పుడు చేస్తుంది, తుప్పు పడుతుంది, నాలుగు రోజులు మొత్తుకుంటుంది. రబ్బరు అలా కాదు. పైకి నిగనిగలాడుతూ లోపల కుళ్లిపోతుంది. పోయే రోజున చెప్పాపెట్టకుండా పోతుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో కార్ల కింద వెల్లకిలా పడుకుని నేను నేర్చుకున్న చదువంతా ఇంతే. నా పేరు ఆమోసు. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అమలమ్మ చర్చిలో కూడా చెబుతుంది. నిజమే, ఎక్కువే. ఆ కోపాన్ని మింగి కూర్చోవడం కూడా నాకు వచ్చని ఉయ్యూరు వెంకటప్పయ్యగారి ఫియట్ నా షెడ్డుకి వచ్చాకే తెలిసింది.

వెంకటప్పయ్యగారంటే మామూలు మనిషి కాదు. ఉయ్యూరు పక్కన చెరుకు తోటలు, వన్ టౌన్‌లో ఎరువుల గోడౌను, ఎక్కడికెళ్లినా ముందు వరుసలో కుర్చీ. ఆయన తండ్రి 1972లో కొన్న తెల్ల ఫియట్ పాతికేళ్లు ఎరువుల బస్తాల పక్కనే పడి ఉంది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి, ముందు సీట్లో పిల్లి ఈనింది. అప్పుడు అది వారసత్వమని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. రెండేళ్ల క్రితం బెజవాడలో పాతకార్ల ప్రియుల సంఘం అని ఒకటి పుట్టింది. పుట్టిన వారానికే కోళ్లకి కొంప పోయింది, కారుకి ఫ్యాను పెట్టిన గది వచ్చింది. ఇంట్లో పనిచేసే మణెమ్మకి మాత్రం ఇప్పటికీ ఫ్యాను లేదు.

ఆ కారు నడిపేది మా అల్లుడు ఫిన్నీ. మా ఏంజెల్ భర్త, జెస్సికా అనే ఏడాదిన్నర పిల్లకి తండ్రి. ఆరేళ్లుగా వెంకటప్పయ్యగారి దగ్గర డ్రైవరు. సారు చెబితే కృష్ణలోకైనా కారు దింపుతాడు. ఈ గొడవంతా నీకెందుకయ్యా అని మీరు అడగొచ్చు. ఇదిగో, ఇందుకే.

ర్యాలీకి వారం రోజులుందనగా సోమవారం పొద్దున్నే కారు తీసుకొచ్చారు. ఉయ్యూరు నుంచి బందరు రోడ్డు మీదుగా విజయవాడ దాకా పాతకార్ల ఊరేగింపట. చివర కృష్ణ ఒడ్డున సభ, షీల్డు, శాలువాలు. "ఇంజనాయిలు మార్చి, గ్రీజు పెట్టి, తుడిచి ఇవ్వు ఆమోసూ" అన్నారు వెంకటప్పయ్యగారు. ముందు సీటు తలుపు తీశాను. తలుపంచు రబ్బరు బీడింగ్ నా వేళ్లకి బంకలా అంటుకుంది. వేలు వాసన చూశాను. నువ్వులనూనె!

"ఇదేంటండీ, బీడింగ్‌కి తలంటు పోశారా?" అన్నాను.

ఆయన మురిసిపోయారు. "మా ఆవిడ రావమ్మ ప్రతి శుక్రవారం కారు కడిగించి, బొట్టు పెట్టి, దీపంలో మిగిలిన నూనె తన చేత్తో రాస్తది. బీడింగులకీ, పెడల్ రబ్బర్లకీ, కింద పైపులకీ, దేనికీ తక్కువ చెయ్యదు. చూడు, ఎట్టా నిగనిగలాడుతున్నాయో! మీ మెకానిక్కులు ఎవరన్నా ఇంత శ్రద్ధగా చూస్తారా?"

రబ్బరుకి నూనె తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి బెల్లం పాకంలా జిగురు సాగుతుంది. రెండేళ్లుగా, వారం తప్పకుండా, భక్తితో ఆ కారుని చంపుకుంటూ వచ్చారు ఆ తల్లి. ఆమెని ఒక్క మాట అనలేను. పండక్కి మా ఇంటికి చీర పంపే మనిషి.

కారుని గుంట మీదకి ఎక్కించి కిందకి దిగాను. ఆయన్ని కూడా దిగమన్నాను. పంచె ఎగ్గట్టి దిగారు పాపం, అంతవరకు మెచ్చుకోవాలి. ఇంజను మౌంటింగ్ రబ్బరులో గోరు గుచ్చి చూపించాను. గుంట పడింది, మళ్లీ లేవలేదు. మంచి రబ్బరైతే గోరు తీయగానే గుంట పూడిపోతుంది. సస్పెన్షన్ బుష్షులు పొడిపొడిగా రాలుతున్నాయి. అవన్నీ పోతే పోనీ, కారు ఊగుతుంది, నడుం నొప్పి పుడుతుంది, అంతే. అసలు సంగతి బ్రేకుల దగ్గర ఉంది. ముందు చక్రాలకి రెండు, వెనక్కి ఒకటి, బ్రేకాయిలు వెళ్లే రబ్బరు పైపులు. ఒకదాన్ని కొంచెం వంచితే చర్మం పగిలి లోపలి దారాలు కనిపించాయి. పైనున్న ఫిన్నీని బ్రేకు తొక్కమన్నాను. తొక్కాడు. పైపు కప్ప గొంతులా ఉబ్బింది.

"చూశారా అండీ? తొక్కిన బలమంతా ఇక్కడే పోతోంది. ఇంకో నాలుగుసార్లు గట్టిగా తొక్కితే ఇది పగిలిపోద్ది. పగిలిందంటే బ్రేకు ఉండదు. మూడు పైపులూ, చక్రాల సిలిండర్లలో రబ్బరు వాషర్లూ మార్చేద్దాం. ఒక్క రోజు పని."

వెంకటప్పయ్యగారు ఆ పైపుని జాలిగా చూశారు. నా మీదే జాలి. "ఆమోసూ, నీకు చేతిపని తెలుసు గానీ హెరిటేజ్ తెలియదు. పవన్‌కుమార్‌గారు ఏం చెప్పారో తెలుసా? వందలో ముప్పై మార్కులు ఒరిజినాలిటీకంట. రంగు ఎవడైనా వేయిస్తాడు. రబ్బరు ఒరిజినల్‌గా ఉన్న బండి జిల్లా మొత్తంలో మనదొక్కటే!"

"రబ్బరుకి వయసైపోయిందండీ."

"వయసే గదయ్యా దానికి విలువ!" అని ఆయన నవ్వి, ఫోను తీసి, ఆ గుంటలో వంగి, ఒక్కో రబ్బరుకీ ఫోటో తీసుకున్నారు. ప్రతి పగులూ ఫోటోలో పడింది. "ఇవన్నీ పవన్‌కుమార్‌గారికి పంపుతున్నా. ర్యాలీ రోజున ఆయన వీటితో సరిచూసుకుంటారు. ఒక్కటి మారినా నా పరువు పోద్ది. రబ్బరు జోలికి వెళ్లావో, మీ అల్లుడు రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

నా ఒళ్లు మండిపోయింది. చేతిలో పానా ఉంది. దేవుడు చల్లగా చూసి దాన్ని డబ్బాలో పెట్టించాడు.

పవన్‌కుమార్ అంటే సంఘానికి న్యాయనిర్ణేత. తెల్ల చేతిగ్లౌజులు, మెడలో భూతద్దం, జేబులో చిన్న టార్చి. ఒక్క రోజన్నా కారు కింద దూరిన మనిషి కాదు. దూరితే చొక్కా నలుగుతుందని భయం. కానీ మైకు దొరికితే చాలు, పాత కార్ల ఆత్మ గురించి గంటసేపు చెబుతాడు. ఆత్మ సరే, ముందు ఆగడం సంగతి చూడమని అడిగేవాడు సంఘంలో ఒక్కడూ లేడు.

మధ్యాహ్నం ఫిన్నీని టీ కొట్టు దగ్గరికి లాక్కెళ్లాను.

"ఆ బండి నడపొద్దురా ఫిన్నీ. ఆ రోజు జొరమొచ్చిందని చెప్పు."

"అబద్ధం చెప్పలేను మావయ్యా. సారుకి నా మీద ఎంత నమ్మకమో మీకు తెలీదు. ఆయనే పక్కన కూర్చుంటారంట. ప్రమాదమైతే ఆయనెందుకు కూర్చుంటారు చెప్పండి?"

"ఆయనకి తెలీక!"

"అంత పెద్ద మనిషికి తెలీదా?" అన్నాడు. వీడికి పిల్లనిచ్చింది నేనే. ఆ మాట వాడి ముఖాన అనలేక గ్లాసులో మిగిలిన టీ రోడ్డు మీద పారబోశాను.

ఆ రోజు ఇంటికి వెళ్తే జెస్సికా నా చెయ్యి పట్టుకుని గడప మీద తప్పటడుగులు వేస్తోంది. ఆ పిల్లని చూశాక నాకు ఇంకో ఆలోచన లేకుండా పోయింది. షీల్డు ఎవరికొస్తే నాకేంటి, మార్కులు ఎవరికి పడితే నాకేంటి! ఆ పైపులు మారాలి. మార్చినట్టు మాత్రం ఎవరికీ తెలియకూడదు. ముప్పై ఎనిమిదేళ్లలో పాత వస్తువు వేసి కొత్తదని చెప్పేవాళ్లని బోలెడుమందిని చూశాను. కొత్త వస్తువు వేసి పాతదని నమ్మించాల్సి రావడం నాకిదే మొదలు.

మర్నాడు షెడ్డు తలుపు సగం దించి పని మొదలుపెట్టాను. పట్టపగలే, దొంగలాగా. నాలుగు చక్రాలూ ఊడదీసి, సిలిండర్లు విప్పి, లోపల గట్టిపడి రాళ్లయిన వాషర్లు తీసి కొత్తవి వేశాను. అవి లోపల ఉండేవి, భూతద్దానికి అందవు. మూడు పైపులూ మార్చి, కొత్త బ్రేకాయిలు పోసి, అందులో చిక్కుకున్న గాలి తీసేసరికి పెడల్ కాలికింద రాయిలా నిలబడింది. మౌంటింగులు, బుష్షులు, బీడింగులు ముట్టుకోలేదు. ఊగితే ఊగనీ, వారసత్వం ఊగుతోందని సంతోషిస్తారు. కొత్త పైపులు మాత్రం చక్రం వెనక నల్లగా, శుభ్రంగా, పెళ్లికొడుకుల్లా వేలాడుతున్నాయి. ఫోటోలో చూస్తే పాత పైపుల నిండా పగుళ్లు.

పగుళ్లు పెట్టాలి, పైపుకి దెబ్బ తగలకూడదు. పెట్రోలు కలిసిన జిగురేదీ పనికిరాదు, రబ్బరుని తినేస్తుంది. ఆలోచించి ఆలోచించి ఇంటికి వెళ్లి పొయ్యి మీద బెల్లం పాకం పెట్టాను. అందులో బూడిద, చెరుకు తోటలోంచి తెచ్చిన నల్లమట్టి జల్లించి కలిపాను. ఆ మట్టి ఎండితే ఎలా బీటలు తీస్తుందో మన వైపు ఎవరికి తెలియదు!

అమలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "ఏంటది? అరిసెల పాకమా?"

"బ్రేకు పైపులకి."

"నీ బుర్ర తిన్నగానే ఉందా? ఆ గిన్నె మళ్లీ పొయ్యెక్కేది కాదు, చెబుతున్నా!" అని అరిచి, అసలు విషయం చెప్పాక మాత్రం పొయ్యి దగ్గరికి వచ్చింది. కొంగుతో గరిట పట్టుకుని తనే కలిపింది. "అడుగంటకుండా చూడు, మాడితే పగలదు, ఊడిపోద్ది" అని సలహా కూడా ఇచ్చింది. కారుకి బిగించి ఉన్న పైపులకే ఆ పాకం పట్టించి, చక్రాలు తొడగకుండా కారుని రెండు రోజులు షెడ్డు వెనక ఎండలో పెట్టాను. మూడో రోజుకి ఒక్కొక్క పైపూ బీటలు తీసి, యాభై ఏళ్ల ముసలిదై కూర్చుంది. పైన పాకం పొరకి మాత్రం, రబ్బరుకి తగలకుండా, కాస్త నువ్వులనూనె వాసన పట్టించాను. రావమ్మగారు చూసినా తన పైపులే అనుకోవాలి.

ఆదివారం పొద్దున ఉయ్యూరులో ఒక కాలేజీ మైదానంలో పద్దెనిమిది కార్లు వరసగా నిలబెట్టారు. వెంకటప్పయ్యగారు పట్టుపంచె, కూలింగ్ గ్లాసులు. ఫిన్నీకి తెల్ల యూనిఫాం కుట్టించి, పాతకాలం టోపీ పెట్టారు. వాడు ఆ టోపీలో బ్యాండుమేళంలో తప్పిపోయినవాడిలా ఉన్నాడు. దారిలో ఏదైనా చెడిపోతే బాగుచేయడానికి నన్ను వెనక సీట్లో కూర్చోమన్నారు. నేను కాదనలేదు.

పవన్‌కుమార్ వచ్చాడు. ఫియట్ ముందు చక్రం దగ్గర పేపరు పరిపించుకుని, దాని మీద ఒక మోకాలు ఆనించాడు. టార్చి వేశాడు, భూతద్దం పెట్టాడు, ఫోను తీసి ఫోటోతో సరిచూశాడు. అప్పుడు చూశాను. కొంప ములిగింది! నేల మీద నుంచి టైరు మీదుగా, రిమ్ము మీదుగా, బారుగా చీమలు. ఎర్రచీమలు. నేరుగా నా బ్రేకు పైపు మీదకి ఎక్కుతున్నాయి.

ప్రభువా, అయిపోయింది అనుకున్నాను. నాతోపాటు ఫిన్నీ ఉద్యోగం కూడా పోయిందనుకున్నాను.

పవన్‌కుమార్ చాలాసేపు చీమల్ని చూశాడు. మెల్లిగా లేచి, గ్లౌజు తీసి, చుట్టూ ఉన్నవాళ్లని దగ్గరికి పిలిచాడు. "చూడండి! దయచేసి అందరూ చూడండి. ఈనాటి ఫ్యాక్టరీ రబ్బరు మీదకి చీమ ఎక్కదు. ఎందుకని? అది కృత్రిమం. ఇది చెట్టు పాలతో చేసిన అసలు సిసలు రబ్బరు. ఆ తీపి ఇంకా దాంట్లో బతికే ఉంది. శాస్త్రజ్ఞుడు చెప్పాల్సిన పని లేదు, చీమే చెబుతోంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. చీమలకి కొట్టారో ఆయనకి కొట్టారో తెలియదు. వెంకటప్పయ్యగారి కళ్లు చెమర్చాయి. "మా నాన్నగారు ఏది కొన్నా అంతే, క్వాలిటీ చూసి కొంటారు" అన్నారు. పవన్‌కుమార్ ఒరిజినాలిటీ గడిలో ముప్పైకి ముప్పై వేసి, అక్కడికక్కడే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. ఇంకో పెద్దమనిషి తన డ్రైవర్ని పక్కకి పిలిచి, మన బండికి ఒక్క చీమ కూడా ఎందుకు ఎక్కలేదురా అని నిలదీస్తున్నాడు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించి కారు వెనక్కి వెళ్లాను.

జెండా ఊపారు. బయలుదేరాం. ఫిన్నీ బుద్ధిగా నలభైలో పోతున్నాడు. గండిగుంట దాటాక వెనకనుంచి ఒక నల్ల అంబాసిడర్ హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. వన్ టౌన్‌లో వెంకటప్పయ్యగారికి ఎదురు కొట్టుండే ఎరువుల వ్యాపారిది. దాటుతూ ఆయన చెయ్యి కూడా ఊపాడు. ఇంకేం!

"తొక్కరా ఫిన్నీ! వాడి ముందు పరువు తీస్తావా? తొక్కు!"

"సార్, ట్రాఫిక్కు..."

"నేను చెబుతున్నాగా!"

తొక్కాడు. డెబ్భై. ఆ బండి డెబ్భైలో వెళ్తుంటే లోపలున్న ప్రతి రబ్బరూ దాని కష్టం అది చెప్పుకుంది. తలుపులు గిలకొట్టుకున్నాయి, స్టీరింగ్ వణికింది, అద్దం బీడింగ్ ఊడి గాలికి కొట్టుకుంది. అంబాసిడర్‌ని దాటేశాం. వెంకటప్పయ్యగారు కిటికీలోంచి తల బయట పెట్టి చెయ్యి ఊపుతున్నారు. కంకిపాడు ఇంకా రాలేదు. ఎడమవైపు మట్టిబాటలోంచి చెరుకు ట్రాక్టరు, వెనక రెండు ట్రక్కులతో, అటూ ఇటూ చూడకుండా రోడ్డెక్కింది. ఎక్కి, అడ్డంగా ఆగిపోయింది. గేరు పడలేదో ఏమో!

మా ముందు గోడలా చెరుకు. ఫిన్నీ రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకోలేదు. నా చేతులు వేసిన పని, చూసి తీరాలనుకున్నాను. నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టాయి. కారు అరుచుకుంటూ, తిన్నగా, ఒక్క జానెడు కూడా పక్కకి లాగకుండా వెళ్లి ఆగింది. బోనెట్‌కి చెరుకు ఆకు తగిలింది. అంతే, ఆకు తగిలింది. ఫిన్నీ టోపీ ఎగిరి అద్దానికి కొట్టుకుంది. వాడి వీపు తడిసిపోయి యూనిఫాం అతుక్కుపోయింది. నా పెదవులు వాటంతటవే స్తోత్రం స్తోత్రం అంటున్నాయి. ఏడుపొచ్చేసింది, సిగ్గుపడకుండా కండువాతో తుడుచుకున్నాను.

వెంకటప్పయ్యగారు తల లోపలికి లాక్కుని, జారిన కూలింగ్ గ్లాసులు సర్దుకున్నారు. సర్దుకున్నాక ఆయన అన్న మొదటి మాట ఇది: "చూశావా ఆమోసూ! అదీ ఒరిజినల్ రబ్బరంటే!"

మళ్లీ మింగాను. బతికున్నాం గదా, ఏదో ఒకటి అనుకోనీలే అని మింగాను.

సాయంత్రం నాలుగింటికి కృష్ణ ఒడ్డున సభ. శాలువాలు కప్పుకున్నవాళ్లకి చెమటలు పోస్తున్నాయి. మొదటి బహుమతి వెంకటప్పయ్యగారికే. షీల్డు ఇచ్చాక పవన్‌కుమార్ మైకులో, "ఈ షీల్డుతో పాటు నా సొంత సేకరణలోంచి ఒక అమూల్యమైన కానుక" అని ఒక రేకు పెట్టె పైకెత్తి చూపించాడు. 1974లో ప్యాక్ చేసిన ఫియట్ రబ్బరు సెట్టు. బ్రేకు పైపులు, వాషర్లు, మౌంటింగులు, అన్నీ. యాభై ఏళ్లుగా సీలు విప్పలేదట. వచ్చే ఆదివారం సంఘం వాళ్లంతా శ్రీశైలం ఘాటురోడ్డు ఎక్కుతారట, ఈ సెట్టు బిగించిన ఫియట్ ముందు నడుస్తుందట. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక వెంకటప్పయ్యగారు ఆ పెట్టెని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కారు దగ్గరికి వచ్చారు. "ఆమోసూ, రేపే బిగించెయ్యి. ఫిన్నీ, వచ్చే ఆదివారం ఘాటు మీద మన బండే ముందు!"

అప్పటిదాకా మింగినదంతా గొంతులోకి వచ్చింది. ఘాటురోడ్డు! ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, మలుపు మలుపుకీ బ్రేకు. నేను పెట్టె తీసుకుని సీలు చింపాను. ఆయన "అరెరె" అంటుండగానే ఒక బ్రేకు పైపు తీసి రెండు చేతుల్తో వంచాను. అప్పడంలా ఫటుక్కున విరిగింది. లోపలి నుంచి నల్ల పొడి రాలింది.

"నా బహుమతి విరిచేస్తావా! ఒళ్లు కొవ్వెక్కిందా నీకు?"

"యాభై ఏళ్లు పెట్టెలో ఉన్నా రబ్బరుకి వయసు ఆగదండీ. వాడకపోయినా పోద్ది. ఇది వేసి ఘాటెక్కితే మొదటి మలుపులోనే పోతారు."

"సరే, ఇది వద్దు. కారులో ఉన్నవే ఉంచు. పొద్దున ఆపింది అవే గదా!"

"అవి కూడా ఒరిజినల్ కాదండీ" అన్నాను. "మీ పైపులు మంగళవారమే తీసేశాను. ఇప్పుడున్నవి కొత్తవి. పైన పూసింది బెల్లం పాకం. చీమలు వచ్చింది బెల్లానికి. ఆ పాతవే ఉండుంటే పొద్దున ట్రాక్టరు కింద మనం ముగ్గురం ఉండేవాళ్లం. మీరు తిట్టండి, కొట్టండి, నేను మాత్రం ఇంక అబద్ధం ఆడలేను."

ఆయన మొహం పాలిపోయింది. ట్రాక్టరు గుర్తొచ్చి పాలిపోయిందనుకున్నాను. ఆయన గబగబా అటూ ఇటూ చూశారు. పవన్‌కుమార్ దూరంగా ఎవరితోనో ఫోటో దిగుతున్నాడు. వెంకటప్పయ్యగారు నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగారు.

"నెమ్మదిగా మాట్లాడవయ్యా! వాళ్లు వింటే షీల్డు వెనక్కి తీసుకుంటారు. ఎదురు కొట్టువాడి ముందు నా పరువేం కావాలి? ఈ ముక్క మనిద్దరి మధ్యే ఉండాలి. ఫిన్నీకి అసలు చెప్పకు, వాడు ఎక్కడన్నా వాగుతాడు."

ఫిన్నీ కారుకి అవతలి పక్క బోనెట్ తుడుస్తున్నాడు. తుడిచే గుడ్డ చేతిలో ఆగిపోయి ఉంది. వాడు అంతా విన్నాడు.

వాడు చుట్టూ తిరిగి వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. "పైపు కొత్తదని తెలిస్తే షీల్డు పోద్దని భయపడ్డారు గానీ, పాతదే ఉంటే నేను పోయేవాణ్నని మీకు తట్టలేదు గదండీ" అన్నాడు. తాళం వెంకటప్పయ్యగారి చేతిలో పెట్టాడు. "రేపట్నుంచి నేను రాను సార్."

"అదేంట్రా ఫిన్నీ! ఆరేళ్లుగా నిన్ను ఇంట్లో మనిషిలా చూసుకున్నాను. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? కార్లన్నీ బయలుదేరుతున్నాయి, బండి ఎవరు తీస్తారు?"

"మీ బండే గదండీ" అని వాడు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. నా అల్లుడి మీద నాకు అంత గర్వం పెళ్లినాడు కూడా కలగలేదు. భుజం మీద చెయ్యి వేశాను.

వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. అంబాసిడర్ వ్యాపారి తల బయటపెట్టి చూస్తున్నాడు. వెంకటప్పయ్యగారికి వేరే దారి లేదు. షీల్డు వెనక సీట్లో పెట్టి, పట్టుపంచె సర్దుకుని, స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఇంజను స్టార్టు చేశారు. గేరు వేయలేదు. ఒకసారి బ్రేకు తొక్కారు, వదిలారు. మళ్లీ తొక్కారు. ముందున్న రోడ్డు వంక చూశారు, ఉయ్యూరు దాకా తను ఒక్కడే నడుపుకుంటూ పోవాల్సిన రోడ్డు. కిటికీలోంచి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. వెళ్లి వంగాను.

"ఆమోసూ" అన్నారు, ఎవరికీ వినపడకుండా. "ఇప్పుడున్నవి కొత్తవేగా? నిజంగా కొత్తవేగా? బాగా బిగించావా?"

"ఫిన్నీ కూర్చుంటాడని బిగించినవండీ. గట్టిగానే ఉంటాయి" అన్నాను.